కరెంటు బండి బుక్ చేసే ముందు కాగితం, పెన్ను తియ్యండి

మన కాలేజీలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చే వాళ్లు మస్తుమంది. ఈ మధ్య ఎక్కడ కూర్చున్నా ఒకటే ముచ్చట: "కరెంటు బండి తీసుకోవాలా, వద్దా? తీసుకుంటే ఏది?" దానికి జవాబులు కూడా రెడీగా ఉంటాయి. ఒకడు "పెట్రోలు దండగ, కళ్లు మూసుకుని తీసుకో" అంటాడు. ఇంకొకడు "కాలిపోతయ్ రా అవి" అంటాడు. ఇద్దరూ లెక్క చెప్పరు.

మన ఇళ్లల్లో లక్షా పదివేలు, లక్షా ముప్పైవేలు అంటే చిన్న మాట కాదు. నడిగడ్డలో అది సీడ్ పత్తి డబ్బు. వనపర్తి దిక్కు పల్లి అమ్మిన డబ్బు, కొల్లాపూర్ దిక్కు మామిడి తోట డబ్బు. నాయిన ఒక్కసారి ఇస్తాడు, రెండోసారి అడగలేం. అందుకే ఈ వ్యాసంలో ఏ కంపెనీ గొప్పదో చెప్పట్లేదు. మీ అవసరానికి ఏ బండి సరిపోతుందో, దాన్ని ఎట్లా ఆర్డర్ చెయ్యాలో మీరే తేల్చుకునే పద్ధతి చెప్తున్నాను. ఇంజనీరింగ్ చదువుతున్నాం కదా, ఈ మాత్రం లెక్క మనకు భారం కాదు.

1. ముందు మీ రోజు లెక్క రాసుకోండి

షోరూంకి పోయే ముందు ఒక వారం పాటు మీరు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరుగుతున్నారో రాయండి. ఇంటి నుంచి కాలేజీ, కాలేజీ నుంచి ట్యూషన్, పొలం, సంత, అన్నీ. మన వైపు మూడు రకాల వాళ్లు కనిపిస్తారు.

మొదటి రకం: ఊళ్లోనే తిరిగేవాళ్లు. గద్వాల కోట నుంచి రైల్వే స్టేషన్, బస్టాండ్, మార్కెట్. రోజుకు 10-15 కి.మీ. మించదు.

రెండో రకం: పక్క ఊరి నుంచి జిల్లా కేంద్రానికి వచ్చిపోయేవాళ్లు. పెబ్బేరు, కొత్తకోట నుంచి వనపర్తికి, బిజినేపల్లి నుంచి నాగర్‌కర్నూల్‌కి. రానూపోనూ రోజుకు 30-40 కి.మీ. అనుకోండి.

మూడో రకం: వారానికోసారి దూరం పోయేవాళ్లు. గద్వాల నుంచి కర్నూలుకో రాయచూరుకో, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్‌కో బండి మీదనే పోతాం అనేవాళ్లు.

మొదటి ఇద్దరికీ కరెంటు బండి పనికొస్తుంది. మూడో రకం వాళ్లు మాత్రం ఆ దూరం ప్రయాణాన్ని బస్సుకో రైలుకో వదిలేస్తారా లేదా అని ముందు తేల్చుకోవాలి. నెలలో 28 రోజులు చిన్న దూరాలు పోయి రెండు రోజులు హైదరాబాద్ పోయేవాడు, ఆ రెండు రోజుల కోసం పెద్ద బ్యాటరీకి ముప్పై నలభై వేలు ఎక్కువ పెట్టడంలో అర్థం లేదు.

2. బ్రోచర్‌లో చూడాల్సిన అంకె

షోరూంలో మాట ఇట్లా నడుస్తుంది.

"తమ్ముడూ, దీనికి 150 కిలోమీటర్లు వస్తది."

"అన్నా, ఐడీసీ రేంజా, రోడ్డు మీద రేంజా?"

ఈ ఒక్క ప్రశ్నతో అవతలి మనిషి మాట మారుతుంది. ఐడీసీ అంటే ఇండియన్ డ్రైవింగ్ సైకిల్. ల్యాబ్‌లో, నిర్ణయించిన వేగాల్లో, నిర్ణయించిన పద్ధతిలో నడిపి తీసిన అంకె అది. అబద్ధం కాదు, కానీ మన రోడ్డు కూడా కాదు. రెండు బండ్లను పోల్చడానికి పనికొస్తుంది, ప్రయాణం ప్లాన్ చేసుకోవడానికి పనికిరాదు.

అసలు చూడాల్సింది బ్యాటరీలో ఎన్ని కిలోవాట్-అవర్లు ఉన్నాయి అన్నది. కిలోవాట్-అవర్ అంటే కరెంటు బిల్లులో మనం చూసే యూనిట్టే. 3 కిలోవాట్-అవర్ల బ్యాటరీ అంటే 3 యూనిట్ల ట్యాంకు. కొన్ని బండ్ల మీద వోల్టులు, ఆంపియర్-అవర్లు మాత్రమే రాస్తారు. రెండూ గుణించి వెయ్యితో భాగించండి. 60 వోల్టులు, 28 ఆంపియర్-అవర్లు అంటే 1.68 కిలోవాట్-అవర్లు, అంతే.

అదే లెడ్-యాసిడ్ బ్యాటరీ అయితే ఇంకో జాగ్రత్త. దాన్ని రోజూ సగం కంటే కిందికి దించితే తొందరగా పోతుంది. అంటే 1.68లో నిజంగా వాడుకోగలిగింది 0.84. చిన్న పట్టణాల్లో తక్కువ ధరకు దొరికే బండ్లలో లెడ్-యాసిడ్ ఉన్నవి చాలానే ఉంటాయి. "బ్యాటరీ ఏ రకం?" అని అడగకుండా ధర మాట్లాడకండి.

లిథియంలోనూ రెండు రకాలు ముఖ్యం. ఎన్‌ఎంసీ తేలిక, తక్కువ బరువులో ఎక్కువ రేంజ్ ఇస్తుంది. ఎల్‌ఎఫ్‌పీ కాస్త బరువు, కానీ వేడిని ఎక్కువ తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జ్ చేసుకోవచ్చు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే మన పాలమూరు ప్రాంతంలో ఈ తేడా గుర్తుపెట్టుకోవాల్సిందే.

3. అదే బండి ఒకడికి 100, ఇంకొకడికి 60 ఎందుకు ఇస్తుంది?

ఇది ఫస్టియర్ ఫిజిక్స్. బండి మీద పనిచేసే పెద్ద శక్తులు రెండు: టైర్ల రాపిడి, గాలి నిరోధం. రాపిడి వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. 40లో పోయేవాడు 60కి పెంచితే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి నిరోధం రెండుంపావు రెట్లు.

అంకెల్లో చూద్దాం. బండి, మనిషి కలిపి 180 కిలోలు అనుకోండి. టైరు రాపిడి గుణకం 0.015 తీసుకుంటే కిలోమీటరుకు సుమారు 7 వాట్-అవర్లు రాపిడికి పోతాయి. స్కూటర్ మీద నిటారుగా కూర్చున్న మనిషికి గాలి తగిలే విస్తీర్ణం, డ్రాగ్ గుణకం కలిపి 0.6 చదరపు మీటర్లు అనుకుంటే, గంటకు 40 కి.మీ. వేగంలో గాలికి కిలోమీటరుకు 12 వాట్-అవర్లు, 60లో 28 వాట్-అవర్లు. మోటారు, కంట్రోలర్ నష్టాలు తీసేసి సామర్థ్యం 80 శాతం పెట్టుకుంటే మొత్తం ఇట్లా వస్తుంది:

40 వేగంలో కిలోమీటరుకు దాదాపు 25 వాట్-అవర్లు.
60 వేగంలో కిలోమీటరుకు దాదాపు 44 వాట్-అవర్లు.

3 కిలోవాట్-అవర్ల బ్యాటరీలో 90 శాతం, అంటే 2,700 వాట్-అవర్లు వాడుకున్నామనుకుందాం. మొదటివాడికి 108 కి.మీ., రెండోవాడికి 61 కి.మీ. బండి అదే, బ్యాటరీ అదే. ఒకడు వనపర్తి బజార్లో తిరుగుతున్నాడు, ఇంకొకడు పెబ్బేరు దాటి 44వ నంబర్ హైవే ఎక్కి బీచుపల్లి దిక్కు దూసుకుపోతున్నాడు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. అందుకే "మీ బండికి ఎంత వస్తది అన్నా" అని అడిగినప్పుడు "ఏ రోడ్డు మీద, ఎంత స్పీడులో" అని కూడా అడగాలి.

ఘాట్ సంగతి వేరే. మన్ననూర్ దాటి నల్లమల మీదుగా శ్రీశైలం పోదామని సరదా పడేవాళ్లు ఒక లెక్క వేసుకోండి. ఇద్దరు మనుషులు, బండి కలిపి 250 కిలోలు. 300 మీటర్ల ఎత్తు ఎక్కితే ద్రవ్యరాశి, గురుత్వం, ఎత్తు గుణిస్తే వచ్చేది 735 కిలోజౌల్స్, అంటే 0.2 కిలోవాట్-అవర్లు. 80 శాతం సామర్థ్యంతో 0.25. మామూలు రోడ్డు మీద పది కిలోమీటర్ల రేంజ్‌తో సమానం. దిగేటప్పుడు రీజెనరేటివ్ బ్రేకింగ్‌తో కొంత వెనక్కి వస్తుంది గానీ మొత్తం రాదు. పైగా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను పోనివ్వరు. మధ్యలో ఎక్కడో ఛార్జింగ్ దొరుకుతుందిలే అని నమ్ముకుని బయల్దేరే దారి కాదు అది.

నా సలహా ఒక్కటే: మీ రోజువారీ దూరం రోడ్డు మీద వచ్చే రేంజ్‌లో సగానికి మించకుండా బ్యాటరీ ఎంచుకోండి. నాలుగైదేళ్లలో బ్యాటరీ కెపాసిటీ కొంత తగ్గుతుంది. ఒక రాత్రి కరెంటు పోవచ్చు. వెనకాల అమ్మను ఎక్కించుకోవాల్సి రావచ్చు. ఆ మిగిలిన సగం వీటన్నిటికీ.

4. ఛార్జింగ్ ఎక్కడ పెడతారు?

కొనే ముందు చాలామంది అడగని ప్రశ్న ఇది, కొన్నాక రోజూ ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే.

సొంత ఇల్లు, ఇంటి ముందు బండి పెట్టే చోటు ఉంటే సమస్య లేదు. మామూలు హోమ్ ఛార్జర్లు 700 నుంచి 900 వాట్ల చుట్టుపక్కల ఉంటాయి. 3 యూనిట్ల బ్యాటరీ నిండటానికి నాలుగైదు గంటలు. రాత్రి పెడితే పొద్దునకు నిండుతుంది. ఫ్యాను కోసం పెట్టిన పాత ప్లగ్ పాయింట్‌లో కాకుండా 16 ఆంప్స్ పవర్ ప్లగ్, విడిగా ఒక ఎంసీబీ పెట్టించుకోండి. అన్నిటికంటే ముందు ఎర్తింగ్ చూపించండి. పాత ఇళ్లలో ప్లగ్‌కు మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి టెస్టర్‌తో చూపిస్తే అయిపోయే పని.

రూంలో ఉండేవాళ్ల సంగతి వేరు. మూడో అంతస్తులో రూం, కింద పార్కింగ్‌లో ప్లగ్ లేదు, ఓనర్ ఒప్పుకోడు. ఇట్లాంటి వాళ్లకు బ్యాటరీ తీసి పైకి మోసుకుపోయే బండ్లు ఉన్నాయి. హీరో వాళ్ల విడా స్కూటర్లలో, రివోల్ట్ ఆర్‌వీ 400 బైకులో బ్యాటరీ బయటికి తియ్యొచ్చు. అయితే షోరూంలోనే ఒకసారి ఆ బ్యాటరీ ఎత్తి పది మెట్లు ఎక్కి చూడండి. రోజూ మోయగలరా? ఓనర్‌తో కరెంటు విషయం కూడా ముందే మాట్లాడుకోండి, సబ్-మీటర్ పెట్టించుకుంటే గొడవ ఉండదు.

ఇగ మన తెలంగాణ ఇళ్లకు ప్రత్యేకమైన లెక్క ఒకటుంది: గృహజ్యోతి. 2024 మార్చి 1 నుంచి అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల లోపు వాడితే సున్నా బిల్లు. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. రోజుకు 40 కి.మీ., నెలకు 25 రోజులు తిరిగితే 1,000 కి.మీ. గోడ దగ్గర కిలోమీటరుకు 35 వాట్-అవర్లు అనుకుంటే నెలకు 35 యూనిట్లు. ఇప్పటిదాకా 150 యూనిట్లు వాడే ఇల్లు 185కి పోతుంది, బండి ఉచితంగా నడిచినట్టే. కానీ 180 వాడే ఇల్లు 215కి పోతుంది. 2022 నుంచి నడుస్తున్న టారిఫ్ చూస్తే 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 చొప్పున, ఆ తర్వాతి వంద 7.70 చొప్పున. అంటే 1,135 రూపాయలు, దాని మీద ఫిక్స్‌డ్ ఛార్జీలు. బండి వాడింది 35 యూనిట్లే, దాని వల్ల ఇంటికి వచ్చిన బిల్లు వెయ్యికి పైన.

దీనికి ఉపాయం ఉంది. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకు 12 గంటలు తిరిగే ఒక్కో ఫ్యాను మారిస్తే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. రెండు ఫ్యాన్లు మారిస్తే 32, దాదాపు బండి తినే కరెంటు అంతా. బండి కొనే ముందు ఇంట్లో గత పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని చూడండి, ముఖ్యంగా ఏప్రిల్, మే నెలలవి.

5. నిజంగా ఎంత మిగులుతుంది?

లీటరు పెట్రోలు 108 రూపాయలు, బండి మైలేజీ 50 అనుకుంటే కిలోమీటరుకు 2.16 రూపాయలు. కరెంటు యూనిట్ 5.10 అయితే కిలోమీటరుకు 18 పైసలు, 7.70 అయితే 27 పైసలు. నెలకు 1,000 కి.మీ. తిరిగేవాడికి దాదాపు 1,900 రూపాయలు మిగులుతాయి. నెలకు 300 కి.మీ. తిరిగేవాడికి 570 చుట్టుపక్కల.

ఇప్పుడు కరెంటు బండి పెట్రోలు బండి కంటే 30,000 ఎక్కువ ఉందనుకోండి. మొదటివాడికి పదహారు నెలల్లో ఆ తేడా తిరిగొస్తుంది. రెండోవాడికి నాలుగేళ్లు దాటుతుంది. ఈ లోపల డిగ్రీ అయిపోయి హైదరాబాద్‌కో బెంగళూరుకో పోతాడు. అంటే ఎక్కువ తిరిగేవాడికే కరెంటు బండి లాభం. గద్వాల ఊళ్లోనే రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాడు మంచి సెకండ్ హ్యాండ్ పెట్రోలు స్కూటీతో ఉన్నా నష్టం లేదు.

లోన్ తీసుకునేవాళ్లు ఇంకో లెక్క చూడండి. "వడ్డీ 10 శాతమే తమ్ముడూ" అంటారు. ఫ్లాట్ రేటా, తగ్గుతూ పోయే బాకీ మీదనా? లక్ష రూపాయలు, మూడేళ్లు, ఫ్లాట్ 10 శాతం అంటే వడ్డీ 30,000, నెలకు 3,611. ప్రతి నెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీద వేస్తున్నారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే అది దాదాపు 18 శాతం వడ్డీ. పెట్రోలులో మిగిలిందంతా ఫైనాన్స్ వాళ్లకు పోతుంది. ఊళ్లో మహిళా సంఘం లోనో, సహకార బ్యాంకులోనో, జాతీయ బ్యాంకులోనో అడిగి చూసి, ఆ తర్వాతే షోరూం ఫైనాన్స్ కాగితం మీద సంతకం పెట్టండి.

6. ప్రభుత్వం ఇచ్చేవి, అడిగేవి

కరెంటు బండ్లకు జీఎస్టీ 2019 ఆగస్టు 1 నుంచి 5 శాతం. 350 సీసీ లోపు పెట్రోలు బండ్లకు 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18కి తగ్గింది. అంటే ధరల్లో తేడా అంతకు ముందున్నంత లేదు, పాత వీడియోలు చూసి పోల్చుకోకండి.

కేంద్రం సబ్సిడీ తగ్గుతూ వచ్చింది. ఫేమ్-2లో 2021 జూన్ నుంచి కిలోవాట్-అవర్‌కు 15,000 ఉండేది, 2023 జూన్‌లో 10,000 చేశారు, 2024 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. 2024 అక్టోబరులో వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో మొదటి ఏడాది 5,000, బండికి గరిష్ఠంగా 10,000. రెండో ఏడాది 2,500, గరిష్ఠంగా 5,000. సబ్సిడీ మన ఖాతాలో పడదు, బిల్లులోనే తగ్గిస్తారు. అందుకే "సబ్సిడీ తర్వాత వస్తది, ఇప్పుడు ఫుల్ కట్టు" అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

తెలంగాణలో 2024 నవంబరులో వచ్చిన పాలసీ ప్రకారం ఎలక్ట్రిక్ టూవీలర్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయింపు, 2026 డిసెంబరు 31 వరకు. కొటేషన్‌లో ఆ పేర్లతో డబ్బులు కనిపిస్తే ఎందుకని అడగండి. సరిహద్దు పక్కనే ఉన్నాం కదా అని కర్నూలులోనో రాయచూరులోనో తక్కువకు వస్తుందని కొంటే, అది వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్, వేరే రాష్ట్రం నిబంధనలు. మన అడ్రస్ మీద మన జిల్లాలో రిజిస్టర్ అయితే నాగర్‌కర్నూల్‌కు టీజీ 31, వనపర్తికి టీజీ 32, గద్వాలకు టీజీ 33 వస్తుంది, ఆకుపచ్చ ప్లేటు మీద తెల్లని అక్షరాలతో.

"లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు" అనే బండ్ల గురించి కూడా చెప్పుకోవాలి. మోటారు 250 వాట్లకు మించకూడదు, వేగం గంటకు 25 కి.మీ. దాటకూడదు. రెండూ పాటిస్తేనే ఆ మినహాయింపు. "ఒక వైరు పీకితే 45 పోతది" అని అమ్మేవాళ్లుంటారు. ఆ వైరు పీకిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్ లేని, ఇన్సూరెన్స్ లేని బండి. రేపు ఎవరికైనా తగిలితే మన ఇంటి మీదికే వస్తుంది. చెల్లి టెన్త్ చదువుతోంది, స్కూలుకు పోతుంది అని ఇట్లాంటివి కొనే ఇళ్లు ఉన్నాయి. అక్కడ ఈ మాట గట్టిగా చెప్పండి.

7. కంపెనీ కంటే ముందు సర్వీస్ సెంటర్

పెట్రోలు బండి చెడితే ఊళ్లో మెకానిక్ అన్న ఉంటాడు. ప్లగ్ తీసి ఉఫ్ అని ఊది స్టార్ట్ చేస్తాడు. కరెంటు బండిలో కంట్రోలర్ పోయినా, బీఎంఎస్ లాక్ అయినా కంపెనీ ల్యాప్‌టాప్ తగిలిస్తే తప్ప కదలదు. కాబట్టి మన మూడు జిల్లాల్లో బండి ఎంచుకోవడం అంటే సగం సర్వీస్ సెంటర్‌ను ఎంచుకోవడమే.

టీవీఎస్ ఐక్యూబ్, బజాజ్ చేతక్ రెండూ 2020లో వచ్చాయి, హీరో విడా 2022లో. వీళ్లకు పెట్రోలు బండ్ల డీలర్లు ముందు నుంచే ఉన్నారు. కానీ డీలర్ బోర్డు ఉన్నంత మాత్రాన అక్కడ ఎలక్ట్రిక్ సర్వీస్ చేసే మనిషి ఉన్నాడని కాదు. ఏథర్, ఓలా లాంటి కొత్త కంపెనీలు వేరే పద్ధతిలో మొదలయ్యాయి. ఎవరైనా సరే, ఫోన్ చేసి ఈ నాలుగు అడగండి:

కంట్రోలర్ పోతే ఇక్కడే మారుస్తారా, మహబూబ్‌నగర్ పంపిస్తారా?
బండి నడవకపోతే ఊరి దాకా వచ్చి తీసుకుపోతారా, ఎన్ని కిలోమీటర్ల వరకు, ఛార్జీ ఎవరిది?
బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, కెపాసిటీ ఎంత శాతానికి పడితే మారుస్తారు?
వారంటీ పోయాక బ్యాటరీ ధర ఇప్పుడు ఎంత?

నాలుగో ప్రశ్నకు అంకె చెప్పని చోట జాగ్రత్త. బండిలో అన్నిటికంటే ఖరీదైన భాగం అదే. ఇవి కాకుండా, ఆ బండి ఏడాదికి పైగా వాడుతున్న ముగ్గురిని మీ ఊళ్లోనే వెతికి పట్టుకోండి. కొత్తగా కొన్నవాళ్లు అందరూ బాగుందనే అంటారు. రెండు ఎండాకాలాలు, ఒక వానాకాలం చూసినవాడి మాటే మాట.

8. బుకింగ్ వేరు, బండి వేరు

2021 జూలై 15న ఓలా కంపెనీ 499 రూపాయలకు బుకింగ్ తెరిస్తే 24 గంటల్లో లక్ష మంది బుక్ చేశారు. మొదటి బండ్లు కొన్నవాళ్ల చేతికి వచ్చింది ఆ ఏడు డిసెంబరు నెల మధ్యలో. బుకింగ్ అంటే వరసలో నిలబడటం, అంతే. కాలేజీ తెరిచే రోజుకు బండి కావాలంటే ఆ తేదీ కాగితం మీద రాయించుకోవాలి.

ఆర్డర్ పెట్టే క్రమం ఇట్లా పెట్టుకోండి.

టెస్ట్ రైడ్ ఇద్దరితో చెయ్యండి. ఒంటరిగా ఏ బండి అయినా ఎగురుతుంది. వెనకాల మనిషితో ఫ్లైఓవరో, ఎత్తున్న రోడ్డో ఎక్కించండి.

ఆన్-రోడ్ ధర విడివిడిగా రాయించుకోండి: బండి, ఛార్జర్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు, స్మార్ట్ ఫీచర్ల ప్యాక్, అదనపు వారంటీ. ఛార్జర్ బండి ధరలో ఉందా, లేదా? 2023లో కొన్ని పెద్ద కంపెనీలు ఛార్జర్‌కు విడిగా తీసుకున్న డబ్బు కొన్నవాళ్లకు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. స్మార్ట్ ఫీచర్లకు ఏటా కట్టాలా అన్నది కూడా అడగండి.

ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని రూలేం లేదు. కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దాని ప్రీమియం మోటారు కిలోవాట్లను బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి వచ్చిన రేట్లలో 3 కిలోవాట్ల లోపు బండికి ఐదేళ్లకు 2,466 రూపాయలు, 3 నుంచి 7 కిలోవాట్ల వాటికి 3,273, పైన జీఎస్టీ. బయట ఒక కొటేషన్ తీసుకుని పోల్చండి.

అడ్వాన్సు ఆన్‌లైన్‌లో గానీ చెక్కుతో గానీ కట్టండి, రసీదు తీసుకోండి. రద్దు చేస్తే ఎన్ని రోజుల్లో వెనక్కి వస్తుందో రాయించుకోండి. ఛాసిస్ నంబర్ చెప్పేదాకా మొత్తం డబ్బు కట్టకండి. వ్యక్తిగత ఫోన్ నంబర్‌కు ఎప్పుడూ పంపొద్దు.

9. డెలివరీ రోజు

ముహూర్తం చూసుకుని కొబ్బరికాయ కొట్టడం ఎట్లాగూ ఉంటుంది. దానికి ముందు పదిహేను నిమిషాలు కేటాయించండి. బిల్లు మీద ఛాసిస్ నంబర్, బండి మీద నంబర్ ఒకటేనా? మోటారు, బ్యాటరీ, ఛార్జర్ సీరియల్ నంబర్లు వారంటీ కార్డులో రాశారా? తయారైన నెల ఏది? ఓడోమీటర్ ఎంత చూపిస్తోంది? ఫారం 21, ఫారం 22, ఇన్సూరెన్స్ కాగితం, తాత్కాలిక రిజిస్ట్రేషన్ చేతికి వచ్చాయా? యాప్ మీ ఫోన్‌లోకి మార్చారా, లేక ఇంకా షోరూం లాగిన్‌లోనే ఉందా? ఒక్కొక్కటి ఫోటో తీసి పెట్టుకోండి.

ఏదైనా తేడా వచ్చి డీలరూ, కంపెనీ కస్టమర్ కేరూ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వెయ్యొచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు. ఆ రోజు పనికొచ్చేవి ఈ ఫోటోలు, రసీదులే.

10. "కాలిపోతయ్ రా" అనే మాట గురించి

దాన్ని నవ్వి కొట్టిపారేయలేం. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక ఎలక్ట్రిక్ బండ్ల షోరూంలో మంటలు లేచి, పైన ఉన్న లాడ్జిలోకి పొగ కమ్మి 8 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రమాదాల తర్వాత బ్యాటరీ భద్రత ప్రమాణం ఏఐఎస్-156ని కఠినం చేశారు. సవరణలు రెండు దశల్లో, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. సెకండ్ హ్యాండ్ బండి చూసేవాళ్లకు ఈ తేదీలు ముఖ్యం. అంతకు ముందు తయారైన బ్యాటరీ అయితే ఎంత తక్కువకు వచ్చినా ఆలోచించండి.

ఇంట్లో పాటించాల్సినవి కొన్నే. కంపెనీ ఛార్జర్ తప్ప వేరేది పెట్టొద్దు. ఎండలో నిలబెట్టిన బండిని తెచ్చి వెంటనే ప్లగ్ పెట్టొద్దు, అరగంట నీడలో చల్లారనివ్వండి. మెట్ల కింద, ఇంటి ఒకే ఒక్క గుమ్మానికి అడ్డంగా, మంచం పక్కన ఛార్జింగ్ పెట్టొద్దు. ఏదైనా జరిగితే మనుషులు బయటికి వచ్చే దారి బండి వెనక ఉండకూడదు. హాస్టల్ వాళ్లు ఈ ఒక్క వాక్యం మళ్లీ చదవండి. వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినా, పెద్దగా కిందపడినా సర్వీస్ వాళ్లు చూసేదాకా ఛార్జ్ చెయ్యొద్దు.

చివరికి

రోజుకు 30-40 కి.మీ. తిరుగుతూ, సొంత ఇంట్లో ప్లగ్ ఉండి, ఇరవై ముప్పై కిలోమీటర్లలో సర్వీస్ సెంటర్ ఉంటే తీసుకోండి. 3 కిలోవాట్-అవర్ల చుట్టుపక్కల బ్యాటరీ చాలు. రూంలో ఉంటూ ఓనర్ ఒప్పుకోకపోతే, బ్యాటరీ తీసే బండి చూడండి, లేదా రూం మారేదాకా ఆగండి. రోజుకు పది కిలోమీటర్లు తిరిగేవాళ్లు, సర్వీస్ కోసం జిల్లా దాటాల్సినవాళ్లు ఇప్పుడే తొందరపడక్కర్లేదు. గద్వాల పక్కనే జూరాలలో 234 మెగావాట్ల కరెంటు తయారుచేసే కేంద్రం ఉంది, మన బండ్లు ఆ కరెంటుతో నడిస్తే మంచిదే. కానీ ఆ బండికి నాయిన ఇచ్చే డబ్బు ఒక పంట కాలం కష్టం. ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి, షోరూంకి పోయే ముందు ఇంట్లో ఆయనకు ఒకసారి చూపించండి.